ఏ యాప్ మంచిదని అడిగావు కదమ్మా

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "మామయ్యా, మా హైస్కూల్లో ప్యానెల్ బోర్డు (గోడకు పెట్టే పెద్ద టచ్ తెర) పెట్టారు, ఏ యాప్ వాడితే మంచిది?" అని అడిగావు. నేను బస్సులో ఉన్నాను, ఆ చప్పుడులో సరిగ్గా చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లు జెడ్పీ స్కూళ్లలో ఫిజికల్ సైన్సు చెప్పాను. చివరి పదేళ్లు ఫోనూ కంప్యూటరూ క్లాసులోకి తెచ్చి చూశాను. కొన్ని బాగా పనిచేశాయి, కొన్నింటితో పీరియడ్లే వృథా అయ్యాయి. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

యాప్ పేరు తర్వాత చూద్దాం. ముందు పిల్లలు ఏ పాఠంలో, సరిగ్గా ఏ చోట తడబడుతున్నారో ఒక కాగితం మీద రాసుకో. పదో తరగతి విద్యుత్తు పాఠమే తీసుకో. ఓమ్ నియమం గడగడా అప్పజెప్తారు, లెక్కలూ చేస్తారు. కానీ "ఒకేలాంటి రెండు బల్బులు శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది?" అని అడుగు. నిజానికి రెండూ సమానంగానే వెలుగుతాయి. బ్యాటరీ నుంచి మొదట వచ్చేదే అని చాలామంది అంటారు. మొదటి బల్బు కొంత కరెంటు తినేసి మిగిలింది రెండోదానికి వదులుతుందని వాళ్ల మనసులో ఉంటుంది. నువ్వు ఎన్నిసార్లు బోర్డు మీద బొమ్మ గీసినా ఆ నమ్మకం కదలదు.

అక్కడ ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీద చేసి చూసే ప్రయోగాలు, బాగా పనికొస్తాయి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో, నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో వీటిని మొదలుపెట్టారు. ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. వాటిలో సర్క్యూట్లు కట్టే సిమ్యులేషన్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లు, స్కూల్లో నెట్ లేకపోయినా నడుస్తుంది.

అయితే తెరవగానే చూపించెయ్యకు. ముందు ప్రతి ఒక్కరూ తమ జవాబు నోటుబుక్కులో పెన్నుతో రాయాలి. తర్వాత పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోనివ్వు, గోల అయినా ఫరవాలేదు. అప్పుడు తెర మీద మొదటి బల్బుకు ముందొక అమ్మీటరు (కరెంటు కొలిచేది), రెండింటి మధ్యన ఒకటి, చివర ఒకటి పెట్టు. మూడింట్లోనూ ఒకే అంకె వస్తుంది. ఒక ఏడాది ఇలా చూపిస్తే వెనక బెంచీ కుర్రాడు లేచి "సార్, ఆ చివరి మీటరు పాడైనట్టుంది, మార్చండి" అన్నాడు. మార్చాను. మళ్లీ అదే అంకె. వాడు ముందుకొచ్చి మూడు అంకెల మీదా వేలు పెట్టి చదివి, "మరి బల్బు ఏం తింటోంది సార్?" అన్నాడు. విద్యుత్ శక్తి గురించి చెప్పడానికి అంత మంచి ప్రశ్న నేనెన్నడూ తయారు చేసుకోలేదు. ఆ రోజు సిలబస్ ముందుకు కదలలేదు, నాకు బాధ కూడా కలగలేదు.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. తెర మీద నీలం చుక్కలు పరుగెడుతుంటే ఎలక్ట్రాన్లు నిజంగా అంత జోరుగా పోతాయని పిల్లలు అనుకుంటారు. అడ్డుకోత వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు ఉన్న రాగి తీగలో ఒక ఆంపియర్ కరెంటు పోతుంటే వాటి డ్రిఫ్ట్ వేగం, అంటే అవి మొత్తంగా ముందుకు జరిగే వేగం, సెకనుకు 0.07 మిల్లీమీటర్లే. చీమకన్నా నెమ్మది. మరి స్విచ్ వేయగానే బల్బు ఎలా వెలుగుతుందంటావా? నీళ్లు నిండి ఉన్న పైపుకు కుళాయి తిప్పగానే అవతల చివర నీళ్లు రావూ, అలాగని చెప్పు.

మర్నాడు నిజం బల్బులు, సెల్లులు చేతికివ్వు. బొమ్మలో వైరు వదులవదు, నిజంలో వదులవుతుంది. అది వెతకడమూ నేర్చుకోవడమే. పైగా ఒకేలాంటివని కొన్న టార్చి బల్బుల్లో ఒకటి కాస్త ఎక్కువ వెలగొచ్చు, "చూశారా, మేమే కరెక్టు" అని పిల్లలు ఎగురుతారు. రెండింటినీ అటుదిటు మార్చమను. వెలుగు బల్బుతో పాటే పోతుంది, చోటుతో ఉండదు.

ఎవరికి అర్థమైందో తెలుసుకోవడానికి ప్లికర్స్ (Plickers) అనే యాప్ వాడు. పిల్లల దగ్గర ఫోన్లు అక్కర్లేదు, నీ ఒక్క ఫోను చాలు. ఒక్కొక్కరికీ గళ్ల గుర్తున్న కార్డు ఉంటుంది, దాని నాలుగు వైపులే నాలుగు జవాబులు. ఏ వైపు పైకి పట్టుకుంటే అదే వాళ్ల జవాబు. ఫోన్ కెమెరా క్లాసంతా ఒక చుట్టు తిప్పితే ఎవరేం చెప్పారో వచ్చేస్తుంది. కార్డుల గుర్తులు వేర్వేరు కాబట్టి కాపీ కొట్టడం కుదరదు, నోరెత్తని ఆడపిల్లలు కూడా జవాబు చెప్తారు. మామూలు కాగితం మీదే ప్రింట్ తీయించు, మెరిసే లామినేషన్ వద్దు, కాంతి పడి కెమెరా చదవలేదు. ఎంతమంది తప్పు చేశారన్నది కాదు, ఏ తప్పు జవాబు దగ్గర గుమిగూడారో చూడు. రేపటి పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ప్రభుత్వ పాఠాల వేదిక దీక్ష (DIKSHA)లో వీడియోలు వస్తాయి. ముందురోజు నువ్వు మొత్తం చూసి, పనికొచ్చే మూడు నిమిషాలు మాత్రమే వాడు.

ఇంటిపని ఇచ్చేటప్పుడు ఇళ్లు గుర్తుపెట్టుకో. కరోనాతో బడులు మూసినప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి మన తెలంగాణలో టీవీలో, దూరదర్శన్ యాదగిరి ఛానల్లో, టీ-శాట్‌లో పాఠాలు వేశారు కదా, నేను వాట్సాప్ గ్రూపులో పని పెట్టేవాణ్ని. ఒక అమ్మాయి రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి పంపేది. ఆలస్యమెందుకని గ్రూపులో అందరి ముందూ మందలించాను. ఇంట్లో ఒకటే ఫోనని, నాన్న పొలం నుంచి వచ్చాకే చేతికొస్తుందని తర్వాత తెలిసింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఫోను పని ఎప్పుడిచ్చినా రెండు రోజుల గడువు ఇవ్వమ్మా. వీడియో బదులు ఒక ఫొటో, ఒక ప్రశ్న పంపు.

ఫొటో తీస్తే లెక్క చేసిపెట్టే యాప్‌లు పిల్లలకి ఎప్పుడో తెలుసు. తిట్టి లాభం లేదు. ఆ జవాబే తెమ్మని, మూడో మెట్టు ఎందుకలా వచ్చిందో నోటితో చెప్పమను.

ఇంకో చిన్న పని. లెక్క రానివాళ్లలో కొందరికి అసలు ప్రశ్న చదవడమే రాదు. అలాంటివాళ్లను ఒంటరిగా పిలిచి, ఒక పేరా ఫోన్లో రికార్డు చేయించి వాళ్లకే వినిపించు. నెల తర్వాత అదే పేరా మళ్లీ చదివించి రెండూ పక్కపక్కనే వినిపించు. వాళ్ల మొహం చూస్తే నీకే తెలుస్తుంది.

బతుకమ్మకు వస్తావు కదా. టార్చి బల్బులు, హోల్డర్లు, క్లిప్పులున్న వైర్లు ఒక డబ్బా నిండా దాచాను, పట్టుకెళ్దువుగాని. సెల్లులు మాత్రం కొత్తవి కొనుక్కోవాలి.

ప్రేమతో,
మామయ్య