ఊరి పేరున్న నోటు, అమ్మాయి చదువు డబ్బు

ప్రశ్న: మాది గుంటూరు. పన్నెండేళ్లుగా అమెరికాలోని అయోవాలో ఉంటున్నాం. ఈ మధ్య పాత సామాన్ల దుకాణంలో మేముండే ఊరి బ్యాంకు పేరుతో అచ్చయిన 1902 సిరీస్ పది డాలర్ల నోటు చూశాను. 900 డాలర్లు చెప్పారు. ఇలాంటి నోట్ల ధర పెరుగుతూనే ఉంటుందట. అమ్మాయి కాలేజీకి ఎనిమిదేళ్లుంది. తన కోసం దాచిన 20,000 డాలర్లు వీటిలో పెట్టవచ్చా?

జవాబు: ఆ 20,000 ముట్టుకోకండి. నోటు మీద మనసు పడితే మీ సరదా ఖర్చులోంచి ఒక్కటి కొనుక్కోండి.

మీ మనసు ఎందుకు లాగిందో నాకు అర్థమైంది. 1863 నుంచి 1935 వరకు అమెరికాలో నేషనల్ బ్యాంకులు, అంటే కేంద్ర ప్రభుత్వ అనుమతితో నడిచే ప్రైవేటు బ్యాంకులు, ప్రభుత్వ బాండ్లు ఖజానాలో తాకట్టు పెట్టి, తమ ఊరి పేరుతో నోట్లు ఇచ్చేవి. మీరు చూసిన 1902 సిరీస్ నాటికి అచ్చు వేసేది ప్రభుత్వమే. కత్తిరించని షీట్లు బ్యాంకుకు చేరాక ప్రెసిడెంటు, క్యాషియర్ సంతకాలు పడేవి, కొన్నిచోట్ల పెన్నుతోనే. మీరు రోజూ నడిచే వీధిలో ఒకాయన కూర్చుని సంతకం చేసిన కాగితం అది. ఆ సంబరానికి వెల కట్టలేం. కానీ దాన్ని పెట్టుబడి అనుకుంటేనే చిక్కు.

అరుదుదనం వేరు, గిరాకీ వేరు. ఒక చిన్న ఊరి బ్యాంకు నోట్లు నాలుగే మిగిలాయనుకుందాం. వాటిని కోరుకునేవాళ్లు ఇద్దరే ఉంటే, ఒకరు కొనడం మానేసిన రోజు ధర కూలిపోతుంది. ఎవరింటి అటకమీదో మరో పది బయటపడినా అంతే. శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాంక్ ఆఫ్ అమెరికా 1929 నోట్ల లాంటివి దాదాపు వందేళ్ల నాటివే అయినా విరివిగా దొరుకుతాయి. వయసును చూసి మోసపోవద్దు.

ఇక లెక్క చూడండి. వేలంలో 1,000 డాలర్లకు పాట ముగిస్తే, కొనేవారి కమీషన్ 20 శాతం కలిపి మీరు కట్టేది 1,200. అదే పాటకు తిరిగి అమ్మితే, 10 శాతం కమీషన్ పోగా చేతికొచ్చేది 900. పెట్టింది తిరిగి రావాలంటేనే పాట 1,333కి చేరాలి. ఈలోగా వడ్డీ లేదు, డివిడెండు లేదు. ఏడాది దాటాక అమ్మి లాభం వచ్చినా, సేకరణ వస్తువులపై ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం. షేర్లకైతే 20 శాతమే. అమ్మాయి డబ్బుకు 529 ప్లాన్, అంటే చదువు కోసం పొదుపు చేసే ఖాతా, సరైన చోటు. చదువుకు వాడితే లాభంపై ఫెడరల్ పన్నే ఉండదు.

కొనేట్టయితే ఆ 900 వెంటనే ఇచ్చేయకండి. అదే ఛార్టర్ నంబరున్న (ప్రభుత్వం ఆ బ్యాంకుకు ఇచ్చిన నంబరు) నోట్లు పాత వేలాల్లో ఎంతకు పోయాయో వెతకండి. నోటును వెలుతురుకు ఎదురుగా పట్టి పిన్ను రంధ్రాలు, అతికించిన చిరుగులు చూడండి. కడిగి, ఇస్త్రీ చేసి కొత్తదానిలా చూపించేవాళ్లూ ఉన్నారు. ధర పెద్దదైతే పీఎంజీ (పేపర్ మనీ గ్యారంటీ) లాంటి సంస్థ పరీక్షించి గ్రేడు చేసిన నోటే తీసుకోండి.

మామూలు ఇంటి బీమాలో నోట్లు, నాణేలకు పరిమితి చాలాసార్లు 200 డాలర్లే ఉంటుంది, పాలసీ తీసి చూసుకోండి. బ్యాంకు లాకర్లో పెట్టినా డిపాజిట్ బీమా దానికి వర్తించదు. రసీదు జాగ్రత్త చేయండి, ఆ నోటు ఏమిటో ఎంత పెట్టి కొన్నారో ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. చట్టప్రకారం అది ఇప్పటికీ చెల్లే పది డాలర్ల నోటే, తెలియనివాళ్ల చేతిలో పడితే పదికే ఖర్చైపోతుంది.