అడ్డం, నిలువు, ఆధార్: గళ్ళనుడికట్టు సందేహం

ప్రశ్న: గళ్ళనుడికట్టులో గుర్తింపు కార్డులు, బిళ్ళల మీద ఆధారాలు వచ్చినప్పుడల్లా తడబడుతున్నాను. "సీతకు హనుమ చూపిన గుర్తింపు (5)", "బంట్రోతు హోదా చాటే ఇత్తడి ముక్క (2)" వంటివాటిని ఎలా పట్టుకోవాలి?

జవాబు: ముందుగా ఎవరు ఎవరికి చూపారో గమనించండి. హనుమంతుడు సీతకు చూపినది రాముడి ఉంగరం కనుక, అయిదు గళ్ళకు "అంగుళీయకం" సరిపోతుంది. ఆమె తిరిగి ఇచ్చిన ఆనవాలును అడిగితే నాలుగు గళ్ళ "చూడామణి" రాయాలి. ఈ రెండింటినీ తారుమారు చేయించడం కూర్పరులకు మహా సరదా!

రెండవదానికి జవాబు "బిళ్ళ". బిళ్ళబంట్రోతు అన్న మాట అలా వచ్చినదే. మూడు గళ్ళుంటే మాత్రం, ఆ బిళ్ళను తగిలించుకునే పటకా అయిన "డవాలు"ను ప్రయత్నించండి.

నేటి కార్డులకు అంకెలే ఆధారం. పన్నెండంకెలంటే 2010లో జారీ మొదలైన ఆధార్. అక్షరాలూ అంకెలూ కలిసి పది ఉంటే ఆదాయపు పన్ను శాఖవారి పాన్. పొల్లుకు కూడా ఒక గడి పడుతుంది కాబట్టి "ఆధార్", "ఆధారం" రెండూ మూడు గళ్ళవే. అప్పుడు తేల్చేది చివరి గడిని దాటే నిలువు మాట ఒక్కటే కాబట్టి, దాన్ని పూరించేదాకా ఆ గడిలో పెన్ను పెట్టకండి.

"వాలు, ఆన తడబడితే గుర్తు (4)" అన్నచోట "తడబడితే" అంటే అక్షరాలను అటూ ఇటూ మార్చమని సూచన. జవాబు "ఆనవాలు".