అడ్డుపడే ఆట, అందుకునే ఆట

హనుమకొండ

బిడ్డా,

అప్పటికప్పుడు అల్లి ఆడే నాటకాల పోటీల మీద నీ వ్యాసం చదివాను. సమాచారం బాగానే పోగేశావు. కానీ మొదటి పేరాలోనే ‘ఇదంతా మన అష్టావధానంలో ఎప్పుడో ఉంది’ అని తేల్చేశావు. సభలో ఆ మాటకు చప్పట్లు పడతాయి. వ్యాసం మాత్రం అక్కడే ఆగిపోతుంది.

పోలిక కన్నా తేడా పట్టుకో. అవధానంలోని నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడి, అంటే ప్రశ్న వేసేవాడి, పనే అడ్డుపడటం. తర్వాత ఏ అక్షరం రాకూడదో చెబుతూ దారి మూస్తుంటాడు. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఏకాగ్రత చెదరగొట్టడానికే కూర్చుంటాడు. అయినా పద్యం నిలబెట్టడమే అవధాని గొప్ప. కీత్ జాన్‌స్టన్ 1977లో కెనడాలోని కాల్గరీలో మొదలుపెట్టిన థియేటర్‌స్పోర్ట్స్ అనే అల్లి ఆడే నాటకాల పోటీలో ఇది తలకిందులు. తోటి నటుడు ‘నాయనా, గుర్రం తప్పిపోయింది’ అంటే నువ్వు తండ్రివి కావాల్సిందే, గుర్రం ఉండాల్సిందే. ‘మనకు గుర్రమెక్కడిది’ అన్నావా, సీన్ చచ్చినట్టే. జట్లు, జడ్జీలు, మార్కులు అన్నీ ఉంటాయి. బోరు కొడితే హారన్ మోగించి దింపేస్తారు కూడా. సీన్ లోపల మాత్రం ఒకరినొకరు మోయాలి.

అసలు పోటీ ఎందుకు పెట్టాడన్నదానికి నువ్వు ఒక్క లైనే ఇచ్చావు. ఇంగ్లండ్‌లో 1968 దాకా కొత్త నాటకం ఆడాలంటే ముందు స్క్రిప్టు నాటకాలను సెన్సార్ చేసే లార్డ్ చాంబర్లేన్ ఆఫీసులో పాస్ కావాలి. స్క్రిప్టే లేని నాటకానికి అనుమతి ఎవరిస్తారు? అప్పట్లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో పనిచేస్తున్న జాన్‌స్టన్‌కు కుస్తీ పోటీల్లో జనం పెట్టే కేకలు చూసి ఈ ఆలోచన వచ్చింది. నాటకానికీ అలాంటి జనమే కావాలనుకున్నాడు, కానీ ఆ రూలు ఉండగా అక్కడ కుదరలేదు. అదే 1977లో మాంట్రియల్‌లో రొబేర్ గ్రవెల్, ఇవోన్ లెదుక్ ఐస్ హాకీని అనుకరించారు. జెర్సీలు, రిఫరీ, హాకీ మైదానం లాంటి వేదిక. తీర్పు నచ్చకపోతే జనం రబ్బరు చెప్పులు విసరొచ్చు! (మన నాటక పరిషత్తు పోటీల్లో ఆ సౌకర్యం లేదు.)

మన దగ్గర పోలికే కావాలంటే ఒగ్గు కథకు పో. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో కథకుణ్ని కాదు, వంతవాళ్లను చూడు. ఆయన విసిరిన మాటను ఎలా అందుకుంటారో, పాత్రలోకి దూకి మళ్లీ వంతలోకి ఎలా జారుకుంటారో రాసుకో. అక్కడ కథ ముందే తెలుసు, మార్కులుండవు. ఆ తేడానూ దాచకు.

జోకులు మాత్రం ఎత్తి రాయకు, కాగితం మీద చప్పబడిపోతాయి. జనం ఏ మాట ఇచ్చారు, నటుడెక్కడ తడబడ్డాడు, పక్కవాడు ఏం చేశాడు, అది రాయి. అవధానం పేరాను మధ్యకు జరిపి, కుస్తీతో మొదలుపెట్టి మళ్లీ పంపు. ఫోన్‌లో వద్దు, ప్రింటు తీసి పంపు.