‘అయిపోయింది’ అన్న మాటను నమ్మకు

పర్లాకిమిడి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోనులో నీ గొంతు వింటే ఉద్యోగం వచ్చిన సంతోషం కన్నా దడే ఎక్కువగా వినిపించింది. భువనేశ్వర్‌లో వారం రోజుల శిక్షణ ఇచ్చి, ప్రాజెక్టు నిర్వహణ పదాల పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, గుణుపూర్ పంపి, కొండ మీది ఊట నుంచి సవర పల్లెకు నీళ్లు తెచ్చే పని నీకు అప్పగించారు. ఆ పదాలన్నీ బట్టీ పట్టాలా అని అడిగావు. అక్కర్లేదు. ముప్పై నాలుగేళ్లు కట్టడాల పనులు చూసినవాణ్ని. ఆ పదాల్లో ప్రతిదాని వెనకా ఒక తగాదా ఉంటుందని నా అనుభవం. ఆ తగాదా ఏమిటో తెలిస్తే పదం ఊరికే గుర్తుంటుంది.

నా మొదటి తగాదాతోనే మొదలుపెడతాను. ఒక హాస్టలు కడుతున్నాం. తాపీ మేస్త్రీలు పాతపట్నం నుంచి, కడ్డీలు కట్టేవాళ్లు బరంపురం వైపు నుంచి, కూలీలు కొండ పల్లెల నుంచి వచ్చేవారు. ఒకే పని మీద మూడు భాషలు. ఒక సాయంత్రం పైపుల పనివాడు వచ్చి “అయిపోయింది బాబూ” అన్నాడు. నేను మర్నాడే గోడలు పూయించి సున్నం వేయించాను. నీళ్లు వదిలిన రోజున మూడో గది గోడ తడిసి ఉబ్బింది. అతన్ని పిలిచి అరిచాను. “బిగించడం అయిపోయిందన్నాను, నీళ్లు పెట్టి చూడమని మీరు చెప్పలేదు కదా” అన్నాడు. నిజమే, చెప్పలేదు. గోడ పగలగొట్టి మళ్లీ కట్టడానికి పన్నెండు రోజులు పట్టింది. అతను తెలుగువాడే, నేనూ తెలుగువాణ్నే. ఒకే భాషలో ఉన్న ఆ ఒక్క మాట దగ్గరే దెబ్బ తిన్నాను.

నీ పుస్తకంలో ‘డెలివరబుల్’ అనీ ‘అంగీకార ప్రమాణాలు’ అనీ ఉన్న రెండు పదాలకు అర్థం ఇదే. ఏమి అప్పగించాలి, ఎలా ఉంటే అప్పగించినట్టు. “ట్యాంకు కట్టాలి” అని రాస్తే ఏమీ రాయనట్టే. “ట్యాంకు నిండా నీళ్లు పోసి, గోడలు నీళ్లు పీల్చుకున్నాక ఏడు రోజులు గమనిస్తే బయట ఎక్కడా చెమ్మ కనిపించకూడదు” అని రాస్తే అది ప్రమాణం. ఊరికి నీళ్లు ఇవ్వాలన్నదీ అంతే. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. నీ పల్లెలో 400 మంది అన్నావు కాబట్టి రోజుకు 22,000 లీటర్లు కావాలి. ఊట సెకనుకు అర లీటరు ఇస్తే రోజుకు 43,200 లీటర్లు. లెక్క సరిపోయింది కదా అని సంబరపడకు. ఆ అర లీటరు ఎప్పుడు కొలిచారు? కార్తీకంలో కొలిచిన ఊట వైశాఖంలో అంత ఉండదు. మే చివరి వారంలో నువ్వే ఒక బకెట్టు, ఒక గడియారం పట్టుకుని కొండ ఎక్కు. ఆ అంకె తెలియకుండా ట్యాంకు కొలతల మీద సంతకం చేయకు.

ప్రాజెక్టు అంటే ఏమిటో నిర్వచించమని పరీక్షలో అడిగారన్నావు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండింటికీ మొదలు ఉంది, చివర ఉంది, రెండూ ఒకసారి జరిగేవే. పెళ్లి ప్రాజెక్టు. కాపురం ప్రాజెక్టు కాదు, అది నిత్య నిర్వహణ. మీ సంస్థలాంటివి చాలావరకు పెళ్లి ఘనంగా చేసి కాపురం సంగతి మరిచిపోతాయి. నల్లా ప్రారంభించిన ఆరు నెలలకు వాల్వు చెడిపోతే ఎవరు మార్చాలి, డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు పని మొదలుకాక ముందే రాసుకోవాలి. దాన్నే ‘అప్పగింత ప్రణాళిక’ అంటారు. మన అమ్మాయిల అప్పగింతల్లో ఉన్నంత ఏడుపు ఇక్కడా ఉంటుంది, కాకపోతే ఆలస్యంగా వస్తుంది.

నువ్వు ఎక్కి వెళ్లే గుణుపూర్ బండి దారినే చూడు. పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి వేయించిన చిన్న రైలుకు 1898లో అనుమతి వచ్చింది, 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. నలభై కిలోమీటర్లు, రెండేళ్లు. గడువు లెక్కలో చూస్తే శభాష్ అనవలసిందే. కానీ తొలి ఏళ్లన్నీ నష్టాలే. ఆదాయం నిలదొక్కుకున్నాకనే లైను ముందుకు సాగి 1931 నాటికి గుణుపూర్ చేరింది. పని పూర్తికావడం వేరు, ఫలితం చేతికి రావడం వేరు. మొదటిదాన్ని ‘అవుట్‌పుట్’ అని, రెండోదాన్ని ‘బెనిఫిట్’ అని నీ పుస్తకం విడదీస్తుంది. నీ పల్లెలో నల్లా అవుట్‌పుట్. ఆడవాళ్లు కొండ దిగి బిందెలు మోయడం మానితేనే బెనిఫిట్.

ఇక ‘స్కోప్ క్రీప్’. ఈ పేరు వినగానే నువ్వు భయపడ్డావు గానీ మన సంతలో దీనికి ఎప్పటినుంచో పేరుంది: కొసరు. కిలో వంకాయలు కొని గుప్పెడు పచ్చిమిరపకాయలు అడుగుతాం. అమ్మేవాడు ఇస్తాడు. పనిలో కూడా ఊరివాళ్లు వచ్చి బడి దగ్గర ఒక నల్లా వేయమంటారు, గుడి దగ్గర ఒక తొట్టి అంటారు, పశువులకు ఒకటి అంటారు. ఏదీ అన్యాయమైన కోరిక కాదు, అదే చిక్కు. అసలు కన్నా కొసరు ముద్దు కదా. నేను ఒక కట్టడంలో ఇలా నోటిమాట మీద ఏడు కొసర్లు చేశాను. బిల్లు ఇచ్చే రోజున ఆ మాటలు అన్న పెద్దమనిషికి ఒక్కటీ గుర్తులేదు. నా చేతి డబ్బు పోయింది, స్నేహమూ పోయింది. కాబట్టి కాదనకు, ఔననకు. “రాసి ఇవ్వండి, దీనికి ఇన్ని రోజులు, ఇంత ఖర్చు అదనం అవుతుంది, ఎవరు ఒప్పుకుంటారో సంతకం పెట్టండి” అను. మార్పు అభ్యర్థన అంటే ఆ కాగితమే. ఆ కాగితం విలువ తెలియాలంటే పోల్చడానికి మొదటి ఒప్పందం చెక్కుచెదరకుండా ఉండాలి. అది ‘బేస్‌లైన్’. దాన్ని చెరిపి దాని మీదే కొత్తది రాయకు. పాతదాని పక్కన కొత్తది రాయి.

అన్నట్టు, అక్టోబర్ 2న ప్రారంభోత్సవం అని అప్పుడే ప్రకటించేశారన్నావు. ఊట కొలవలేదు, అనుమతి లేదు, పైపు రాలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం! కాస్త వివరంగా లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ‘క్రిటికల్ పాత్’ అర్థమయ్యేది ఇక్కడే.

ట్యాంకు పనిలో పునాదికి 6 రోజులు, గోడలకూ పైకప్పుకూ 15, నీళ్లు కట్టి తడి ఆరకుండా ఉంచే క్యూరింగ్ 10, నింపి గమనించడానికి 7. మొత్తం 38. మరో పక్క మూడు కిలోమీటర్ల పైపు గాడి తవ్వకం 20, పైపు పరచడం 6. మొత్తం 26. రెండూ ఒకేసారి మొదలవుతాయి. రెండూ అయ్యాక కలపడం, శుభ్రం చేయడం, నల్లాలు తిప్పి చూడడం 4 రోజులు. కాబట్టి పని 42 రోజుల కన్నా ముందు ముగియదు. ఆ 42 రోజుల దారి ట్యాంకు మీదుగా పోతుంది. అదే క్రిటికల్ పాత్, దాని మీద ఒక్క రోజు ఆలస్యమైనా మొత్తం పని ఆలస్యమవుతుంది. పైపు వైపు 12 రోజుల వెసులుబాటు ఉంది, దాన్ని ‘ఫ్లోట్’ అంటారు. పైపు లారీ పది రోజులు ఆలస్యమైతే నిద్ర పాడుచేసుకోకు. పదిహేను రోజులైతే మొత్తం పని మూడు రోజులు జరుగుతుంది, అప్పటినుంచి క్రిటికల్ పాత్ పైపు వైపుకు మారిపోతుంది. చాలామంది మొదట గీసిన దారినే చివరిదాకా నమ్ముకుని మోసపోతారు. ప్రతి సోమవారం మళ్లీ లెక్క వేయి.

పై అధికారి వచ్చి “మనుషుల్ని పెంచండి” అంటాడు. దాన్ని ‘క్రాషింగ్’ అంటారు. గాడి తవ్వకానికి పనికొస్తుంది. క్యూరింగ్‌కు పనికిరాదు. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు పది రోజులు తడి ఆరకుండా ఉంచమని ప్రమాణాలు చెబుతున్నాయి. వందమంది మేస్త్రీలు చుట్టూ నిలబడినా ఆ పది తొమ్మిది కాదు. ఎక్కడ మనిషి పెరిగితే రోజు తగ్గుతుందో, ఎక్కడ తగ్గదో తెలుసుకోవడమే నీ ఉద్యోగంలో సగం.

రోజుల అంచనా మేస్త్రీని అడిగినప్పుడు ఒక్క అంకె అడగకు. అన్నీ కలిసొస్తే ఎన్ని, మామూలుగా ఎన్ని, అన్నీ తిరగబడితే ఎన్ని అని మూడు అడుగు. 4, 6, 14 అన్నాడనుకో. మామూలు అంకెను నాలుగు రెట్లు చేసి మిగతా రెండూ కలిపి ఆరుతో భాగిస్తే 7. ఈ పద్ధతి 1958 ప్రాంతంలో అమెరికా నౌకాదళపు పొలారిస్ క్షిపణుల పని కోసం తయారైంది, పేరు పర్ట్. ఆ అంకెకన్నా నాకు పనికొచ్చింది మూడో ప్రశ్నకు వచ్చే జవాబు. “తిరగబడితే” అనగానే మేస్త్రీ నోట అసలు భయాలు బయటపడతాయి. వాటిని రాసుకో.

గడులు గీసి రంగు వేసిన పట్టికను గాంట్ చార్ట్ అన్నారు కదా, హెన్రీ గాంట్ అనే అమెరికన్ పేరు మీద. అలాంటిదే పోలండ్ ఇంజినీరు కరోల్ ఆడమియెట్‌స్కీ 1896లోనే తయారుచేశాడు. పోలిష్‌లో, రష్యన్‌లో రాశాడు కాబట్టి ఇంగ్లీషువాళ్లకు చాలాకాలం తెలియలేదు. నీ పట్టిక కూడా ఇంగ్లీషులోనే గోడకు అంటిస్తే గతి అంతే. ఒడియాలో, తెలుగులో రాయించు. సవర కూలీలకు మాత్రం నువ్వే నిలబడి చెప్పు.

ఆ మేస్త్రీ భయాలన్నీ కలిస్తే ‘రిస్క్ రిజిస్టర్’. ఏమి జరగవచ్చు, ఎంత నష్టం, జరగబోతోందని దేన్ని బట్టి తెలుస్తుంది, అప్పుడు కదలవలసినవాడు ఎవరు. ఈ నాలుగు గడులు చాలు. మన ప్రాంతానికి మొదటి రెండు వరుసలు నేనే నింపుతాను. ఒకటి, తుపాను. ఫైలిన్ 2013 అక్టోబర్ 12, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11. తిత్లీ అప్పుడు ఈ గజపతి జిల్లా కొండలు ఎలా జారాయో మీ అమ్మను అడుగు. అక్టోబర్ రెండో వారంలో తెరిచిన గాడి, విప్పని సెంట్రింగ్ ఉండకూడదు. రెండు, రజపర్వం. జూన్ నడుమ మూడు రోజులు భూదేవి విశ్రాంతి అని ఒడియావాళ్లు నేల తవ్వరు, దున్నరు. ఒక ఏడాది సరిగ్గా ఆ రోజే పునాది తవ్వకం పెట్టి, ఖాళీ పారలతో రోజంతా కూర్చున్నాను. గోడకు తెలుగు, ఒడియా పంచాంగాలు రెండూ వేలాడదీయి.

తుపానులాంటి వాటి కోసం పెట్టుకునే అదనపు డబ్బు ‘కంటింజెన్సీ’. దాన్ని బాహాటంగా ఒక వరుసలో రాయి. ప్రతి పనిలో కొంచెం కొంచెం దాచిపెడితే పని దాన్ని తినేస్తుంది, అడిగినప్పుడు లెక్క చెప్పలేవు.

‘స్టేక్‌హోల్డర్’ అంటే వాటాదారు అనుకున్నావు. కాదు. నీ పని వల్ల లాభమో నష్టమో కలిగేవారూ, ఆపగలిగేవారూ అందరూ. పల్లె పెద్ద గమాంగ్ ఒప్పుకుంటే చాలనుకోకు. ఆ ఊట దగ్గర ఏదైనా పూజ జరుగుతుందా అని సవర పూజారి బుయ్యాను అడుగు. ఊట అడవిలో ఉంటే 2006 అటవీ హక్కుల చట్టం తాగునీటి పైపులకు ఒక హెక్టారు లోపు భూమి ఇవ్వడానికి వీలు కల్పించింది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. గ్రామసభ అంటే మనకు పల్లీసభే. ఆ తీర్మానం కాగితం నీ క్రిటికల్ పాత్‌లో మొదటి పని, ట్యాంకు పునాది కాదు. నేను పైన వేసిన 42 రోజుల్లో దాన్ని కలపలేదని గమనించావా?

ఎవరు చేస్తారు, ఎవరు జవాబు చెబుతారు అన్నవి రెండు వేరు వేరు పేర్లు. జవాబు చెప్పేది ఎప్పుడూ ఒక్కరే ఉండాలి. ఇద్దరుంటే ఎవరూ లేనట్టే.

లెక్కలంటే నీకు ఇష్టం కాబట్టి ‘ఎర్న్‌డ్ వాల్యూ’ గురించి ఒక్క ముక్క. తవ్వకానికీ పరచడానికీ కలిపి మీటరుకు 200 చొప్పున 3,000 మీటర్లకు 6 లక్షలు అనుకో. ఈపాటికి 1,500 మీటర్లు కావాలి, 1,200 అయింది, ఖర్చు 2,70,000. కొలతల పుస్తకం ప్రకారం నువ్వు సంపాదించింది 2,40,000 విలువైన పని. కావలసిన 3 లక్షలతో పోలిస్తే 0.8 వేగం, ఖర్చుతో పోలిస్తే రూపాయికి 89 పైసల పని. ఇలాగే సాగితే 6 లక్షల పని 6,75,000 అవుతుంది. “సగం డబ్బు ఇంకా ఉంది కదా” అనేవాళ్ల నోరు ఈ ఒక్క లెక్క మూయిస్తుంది.

అక్టోబర్ 2 సంగతికి వస్తాను. పరిధి, గడువు, ఖర్చు మూడూ ఒకదానికొకటి ముడిపడ్డ తాళ్లు. వర్షాకాలంలో కొండవాలున గాడి తవ్వలేవు. కాబట్టి మీ సంస్థ ముందు రెండు దారులు పెట్టు. ట్యాంకూ కింది వీధికి ఒక నల్లా అక్టోబర్ 2కు, ఇంటింటి నల్లాలు డిసెంబర్‌కు. లేదా మొత్తం డిసెంబర్‌కే. ఏది ఎంచుకున్నా వాళ్లు సంతకం పెట్టాలి, ఈ నెలలోనే పెట్టాలి. సెప్టెంబర్‌లో అడిగితే అది నీ తప్పవుతుంది.

ఏది ఒప్పుకున్నారో ఫోనులో చెప్పకు, కాగితం తీసుకుని ఆదివారం బండికి రా. నా పాత కొలతల పుస్తకాలు అటక మీద నుంచి దింపించాను. హాస్టలు గోడ పగలగొట్టిన లెక్క కూడా అందులో ఉంది, నీకు చూపిస్తాను. మీ అత్తయ్య గొడుగు ఒకటి కొని పెట్టింది, కొండ ఎక్కేటప్పుడు పట్టుకెళ్లు.

మీ మామయ్య