ఆక్టిన్, బిగుసుకున్న చేప, బురదలో దిగబడ్డ గెడ

మీరు అడిగినవి రెండు: ఆక్టిన్ అనే ప్రోటీన్ కండరాల్లోనే ఉంటుందా, మిగతా కణాల్లోనూ ఉంటుందా అన్నది ఒకటి. కండరం ముడుచుకునేటప్పుడు అది అసలు ఏం చేస్తుందన్నది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నదే. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. కేంద్రకం లేని ఎర్ర రక్తకణాల్లో కూడా, పైపొర కింద వలలా అల్లుకుని ఉంటుంది. రెండోది మాత్రం పాఠం చెప్తూ కూడా నాకే కొన్నాళ్లు సరిగ్గా అర్థం కాలేదు. అందుకే దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

నరసాపురంలో ఇంటర్ బైపీసీ పిల్లలకి ట్యూషన్ చెప్తాను. కండరాల పాఠం రాగానే బోర్డు మీద సార్కోమియర్ (కండరంలో ముడుచుకునే అతి చిన్న భాగం) బొమ్మ వేసి, మధ్యలో లావు పోగు మయోసిన్, రెండు పక్కలా సన్న పోగు ఆక్టిన్ అని చూపించేదాన్ని. మయోసిన్ పోగు నుంచి పొడుచుకొచ్చిన తల ఆక్టిన్‌ని పట్టుకుని లాగుతుంది, లాగడానికి ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కావాలి అని ముగించేదాన్ని. ఒకరోజు ముందు వరసలో కూర్చున్న అబ్బాయి లేచాడు. "మేడమ్, చచ్చిపోతే ఏటీపీ అయిపోద్ది కదా. మరి ఒళ్లు మెత్తబడాలి గానీ, కర్రలా బిగుసుకుపోద్దేంటి?"

రేపు చెప్తానన్నాను. అంతకంటే ఏమనాలో తెలియలేదు.

మా మేనమామది చేపల వ్యాపారం. ఆ సాయంత్రం కొట్టుకి వెళ్లేసరికి ఆయన ఒక పండుగొప్పని తల దగ్గర పట్టుకుని అడ్డంగా ఎత్తి చూస్తున్నాడు. తోక కిందకి వాలలేదు, పలకలా నిలబడింది. "ఇది పొద్దుటిది. వాలిందనుకో, నిన్నటిదే" అన్నాడు. మరి ఇప్పుడే చచ్చిన చేప కూడా మెత్తగానే ఉంటుందిగా అంటే, "అందుకే కన్ను చూడాలి, మొప్ప ఎత్తి రంగు చూడాలి. తోక ఒక్కదాన్నే నమ్మితే కొట్టు మూసుకోవాల్సిందే" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు: వలలో చాలాసేపు కొట్టుకుని చచ్చిన చేప తొందరగా బిగుసుకుంటుంది, తొందరగా చెడుతుంది. ఆ మాట దగ్గర నాకు లెక్క తెగింది. కొట్టుకున్న చేప తన ఏటీపీని, దాన్ని మళ్లీ తయారు చేసుకునే సరుకునీ ముందే ఖర్చు పెట్టేసింది. ఏటీపీ ఎంత తొందరగా అయిపోతే అంత తొందరగా బిగువు వస్తుంది. అంటే ఏటీపీ ముఖ్యంగా కావలసింది పట్టుకోవడానికి కాదు, వదలడానికి.

గెడ వేసి పడవ నడపడం చూశారా? గెడ నేలకి ఆనించి తోస్తారు, పీకుతారు, ముందుకి వేసి మళ్లీ తోస్తారు. తోయడం ఎంత ముఖ్యమో పీకడం అంత ముఖ్యం. బురదలో దిగబడ్డ గెడ రాకపోతే పడవ ఉన్నచోటే ఉండిపోతుంది. ఆక్టిన్ పోగు కాలువ అడుగు నేల, మయోసిన్ తల గెడ అనుకోండి. కొత్త ఏటీపీ వచ్చి అతుక్కుంటేనే తల ఆక్టిన్‌ని వదులుతుంది. ఆ ఏటీపీ విరిగినప్పుడు తల మళ్లీ వెనక్కి ఎక్కుపెట్టుకుని తర్వాతి పట్టుకి సిద్ధమవుతుంది. కాకపోతే ఇక్కడ ఒక తిరకాసు ఉంది: కండరంలో కదిలేది పడవ కాదు, నేలే. రెండు వైపుల నుంచి ఆక్టిన్ పోగులు మధ్యలోకి జారతాయి. ఏ పోగూ పొట్టిగా మారదు. ఈ సంగతిని 1954లో రెండు జట్లు విడివిడిగా ఒకే పత్రికలో ప్రకటించాయి: హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఒక జట్టు, ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కె ఇంకో జట్టు. పరీక్షలో బొమ్మ వేసేటప్పుడు 'ఏ' (A) పట్టీ, అంటే మయోసిన్ పోగు ఉన్నంత మేర, పొడవు మార్చకండి. తగ్గేవి ఆక్టిన్ ఒక్కటే ఉండే 'ఐ' (I) పట్టీ, మధ్యలో మయోసిన్ ఒక్కటే ఉండే 'హెచ్' (H) మండలం.

మరి ఊరికే ఉన్నప్పుడు గెడ ఎందుకు దిగదు? ఆక్టిన్ మీద పట్టు దొరికే చోట్లని ట్రోపోమయోసిన్ అనే దారం కప్పి ఉంచుతుంది. కాల్షియం వచ్చి, దాని పక్కనే ఉండే ట్రోపోనిన్ అనే ఇంకో ప్రోటీన్‌కి తగిలితే ఆ దారం పక్కకి జరుగుతుంది. చనిపోయాక కాల్షియం తన గదుల్లోంచి కారిపోతుంది, చోట్లు తెరుచుకుంటాయి, తలలు పట్టుకుంటాయి, వదలడానికి ఏటీపీ లేదు. అదే బిగువు. తర్వాత మెత్తబడేది పట్టు వదిలి కాదు, ఎంజైములు సార్కోమియర్ చివర కట్లని కోసేయడం వల్ల. ఐసులో ఆ కోత మెల్లగా సాగుతుంది.

ఈ రెండు పేర్లూ మీరు వేరే చోట కూడా వినే ఉంటారు. గుండెపోటు అనుమానం వస్తే రక్తంలో చూసే ట్రోపోనిన్ పరీక్ష దీనిదే, దెబ్బతిన్న గుండె కండరంలోంచి కారిన ట్రోపోనిన్ అది. రొయ్యలు తింటే దద్దుర్లు వచ్చేవాళ్లలో చాలామందికి పడనిది రొయ్య కండలోని ట్రోపోమయోసినే. భీమవరం చుట్టూ ఇన్ని రొయ్యల చెరువులున్న చోట ఈ సంగతి పాఠంలో ఒక్క ముక్కయినా ఉంటే బాగుండును.

ఇక ఆక్టిన్ సంగతి. 1942లో హంగరీలోని సెగెడ్‌లో, ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ ప్రయోగశాలలో బ్రూనో స్ట్రాబ్ దాన్ని వేరు చేశాడు. కండరంలోని ఒక్కో ఆక్టిన్ గుండు 375 అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గుండ్లు వరసగా అతుక్కుని, రెండు పేటల తాడులా మెలితిరిగి, 7 నానోమీటర్ల మందం పోగు అవుతాయి. కండరంలో ఈ పోగు నిలకడగా ఉంటుంది. పాకే కణంలో మాత్రం ఒక కొస కట్టుకుంటూ, రెండో కొస విప్పుకుంటూ పోతుంది. రెండే పలకలతో బురద మడి దాటేవాడు వెనక పలక తీసి ముందు వేసుకుంటాడే, అలా. విప్పిన గుండ్లే మళ్లీ ముందు కొసన పనికొస్తాయి. తెల్ల రక్తకణం సూక్ష్మజీవి వెంట పడేది ఈ పద్ధతిలోనే.

దీన్ని నేను నా వేలి మీదే చూశాను, అంటే చూశాననుకుంటున్నాను. ఆ రోజు మావయ్య ఇచ్చిన పండుగొప్పని కత్తిపీట ముందు పెట్టుకుని, ఆక్టిన్ గురించే ఆలోచిస్తూ బొటనవేలు కోసుకున్నాను. ప్లేట్‌లెట్లు లోపలి ఆక్టిన్‌తో ఆకారం మార్చి కాళ్లు చాపుతాయి, నెత్తురు గడ్డలోని దారాలని పట్టి లాగి దాన్ని బిగిస్తాయి. తర్వాత అంచుల్లోని చర్మకణాలు గాయం మీదుగా పాకుతాయి. అక్కడా మయోసిన్ ఉంటుంది, కానీ కండరంలోలా వరసలు తీరి కాదు. ఆ లాగుడు మెల్లగా ఉంటుంది.

నాలుగో రోజుకి అంచులు కలిశాయి. అబ్బాయికి జవాబు మర్నాడే చెప్పేశాను, కట్టు కట్టిన వేలు చూపిస్తూ. మావయ్య అప్పటి నుంచి మా ఇంటికి చేప పంపితే ముక్కలు కోయించే పంపుతున్నాడు.