సమాధానం: ఒకే నిర్వచనాలు అన్ని ఫైళ్లలో పనిచేయాలంటే

స్ఫింక్స్‌లో (టెక్స్ట్ ఫైళ్ల నుంచి డాక్యుమెంటేషన్ పేజీలు తయారుచేసే టూల్) ఒక ఫైల్లో రాసిన సబ్‌స్టిట్యూషన్లు, అంటే |పేరు| అని రాస్తే దాని బదులు మనమిచ్చిన మాట వచ్చే నిర్వచనాలు, మిగతా ఫైళ్లలో పనిచేయట్లేదని, ప్రతి పేజీలో మళ్లీ పేస్ట్ చేయాల్సి వస్తోందని అడిగారు కదా. స్ఫింక్స్‌లో అంతే, ఒక ఫైల్లో ఇచ్చిన నిర్వచనం ఆ ఫైలుకే పరిమితం. టెన్షన్ పడకండి, కానీ పేస్ట్ చేయడం ఇవాళే ఆపేయండి, లేకపోతే రేపు ప్రొడక్ట్ పేరు మారినప్పుడు ఏదో ఒక పేజీలో పాత పేరు మిగిలిపోతుంది.

నిర్వచనాలన్నీ స్ఫింక్స్ సెట్టింగ్స్ ఉండే కాన్ఫ్.పై (conf.py) ఫైల్లో ఆర్‌ఎస్‌టీ_ఎపిలాగ్ (rst_epilog) అనే వేరియబుల్‌లో స్ట్రింగ్‌గా పెట్టండి. బిల్డ్ చేసేటప్పుడు స్ఫింక్స్ దాన్ని ప్రతి సోర్స్ ఫైలు చివర తనే కలుపుకుంటుంది, వాడిన చోటుకన్నా నిర్వచనం కింద ఉన్నా ఇబ్బంది లేదు. ప్రోలాగ్ కూడా ఉంది గానీ అది ఫైలు మొదట్లో చేరుతుంది, నేనైతే ఇలాంటి వాటికి ఎపిలాగే వాడతాను.

కొన్ని పేజీలకే కావాలంటే వేరే ఫైల్లో రాసి ఇన్‌క్లూడ్ డైరెక్టివ్‌తో (ఇంకో ఫైల్లోది ఇక్కడ చేర్చమనే ఆదేశం) తెచ్చుకోండి. దాని ఎక్స్‌టెన్షన్ టీఎక్స్‌టీ అని పెట్టండి, ఆర్‌ఎస్‌టీ అని పెడితే స్ఫింక్స్ దాన్నీ ఒక పేజీ అనుకుని టాక్‌ట్రీలో (పేజీల విషయసూచిక) లేదని వార్నింగ్ ఇస్తుంది.

ఇంకోటి, కోడ్‌బ్లాక్ లోపల ఇవేవీ మారవు, నిలువు గీతలతో సహా అలాగే కనిపిస్తాయి. అక్కడ పార్స్‌డ్-లిటరల్ (రాసినట్టే చూపిస్తూ సబ్‌స్టిట్యూషన్లను మాత్రం మార్చే బ్లాక్) వాడాలి. వెర్షన్ నంబర్‌కైతే కొత్తగా నిర్వచించక్కర్లేదు, కాన్ఫ్.పైలో వెర్షన్, రిలీజ్ విలువలు ఇచ్చి ఉంటే ఆ పేర్లనే నేరుగా వాడుకోవచ్చు.