చిట్టికి, కాశీ వెళ్ళని పెద్దమ్మ రాసేది

చిట్టీ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. ఎవరికో ఏదో అయిందనుకుని నా గుండె జారిపోయింది. తీరా చూస్తే నువ్వు ఫేస్‌లిఫ్ట్, అదే జారిన ముఖాన్ని బిగించే ఆపరేషన్, చేయించుకుంటున్నావట, ఆ సంగతి దసరా భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పేశావట. "యాభై నాలుగేళ్ళొచ్చాక దీనికి ముఖం కోయించుకునే పిచ్చి ఏమిటక్కా, నువ్వన్నా చెప్పు" అంది. చెప్తానులే అన్నాను. అందుకే ఈ ఉత్తరం. మానెయ్యమని మాత్రం చెప్పను.

విస్తట్లో పులిహోర పెట్టుకుని అంతమంది మధ్యలో ఆ మాట అనగలిగావు చూడు, అది విన్నాక నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. భయంతో కొంత, గర్వంతో కొంత. ఎందుకో కింద రాస్తాను. ముందు తిట్టాల్సింది ఉంది.

మాఘంలో పిల్ల పెళ్ళి పెట్టుకుని సంక్రాంతి వెళ్ళగానే ఆపరేషనా? బుద్ధుండే ఈ డేటు తీసుకున్నావా? కుట్లు వారం పది రోజుల్లో తీసేస్తారు, నిజమే. నీలం, నలుపు రెండు వారాల్లో చాలావరకు పోతాయి, అదీ నిజమే. కానీ లోపలి వాపు నెలల తరబడి ఉంటుంది. చెంపలు, చెవులు మొద్దుబారి ఉంటాయి. పెళ్ళి వీడియోలో నువ్వు నవ్వితే నీకే కొత్తగా ఉంటుంది. చెవుల చుట్టూ పచ్చి మచ్చలు పెట్టుకుని నలుగు దగ్గర కూర్చుంటావా? పైగా ముత్తైదువులు చెంపలు పట్టుకుని లాగకుండా ఊరుకుంటారా? కార్తీకంలోకి జరుపుకో. కుదరకపోతే పెళ్ళయ్యాకే. మధ్యలో వద్దు. పెళ్ళి టెన్షన్‌తో బీపీ ఎక్కడ ఉంటుందో నీకే తెలీదు, ఈ ఆపరేషన్‌కి బీపీయే మొదటి శత్రువు.

డాక్టరు సంగతి. పేరు పక్కన ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందా, అది చూడు. బ్యూటీ క్లినిక్కుల గోడ మీది ఫొటోలు కాదు. ఆపరేషన్ ఏ థియేటర్లో చేస్తారో, మత్తు ఎవరిస్తారో, రాత్రి ఏదైనా అయితే ఎవరొస్తారో ముందే అడుగు. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకు, అందం కోసం చేసేవాటికి మామూలుగా ఇవ్వరు.

ఇక మా అల్లుడి, అదే మీ ఆయన సిగరెట్టు. ఇది నువ్వు నవ్వేసే విషయం కాదు. ఈ ఆపరేషన్‌లో చెంప చర్మాన్ని కింద నుంచి విడదీసి, లోపలి పొర బిగించి, మళ్ళీ పరుస్తారు. అలా విడదీసిన చర్మానికి సన్న సన్న రక్తనాళాలే దిక్కు. నికోటిన్ వాటిని ముడుచుకునేలా చేస్తుంది. రక్తం అందకపోతే చెవి వెనక చర్మం నల్లబడిపోతుంది. తాగేవాళ్ళయితే ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు మానాలంటారు. నువ్వు తాగవు, కానీ అతను బాల్కనీలో కాలిస్తే పొగ హాల్లోకే వస్తుంది. మెట్లు దిగి వీధిలో కాల్చుకోమను. పెద్దత్తయ్య చెప్పిందని చెప్పు, కాదనడు.

వారం వారం పొట్టకు పొడుచుకునే ఆ ఇంజెక్షన్ సంగతి మత్తు డాక్టరుకి ఖచ్చితంగా చెప్పు. దానివల్లే ఇరవై కిలోలు తగ్గావు, దానివల్లే బుగ్గలు జారాయి, సరే. కానీ అది కడుపులో తిండిని ఎక్కువసేపు నిలవ ఉంచుతుంది. మామూలు వాళ్ళకి ఆపరేషన్‌కి ముందు ఆరు నుంచి ఎనిమిది గంటలు తిండి మానితే చాలు, నీకు చాలకపోవచ్చు. మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ముఖం మాట తర్వాత, ప్రాణానికే ముప్పు. ఎన్నాళ్ళ ముందు ఆపాలో, ఆపాలో వద్దో వాళ్ళే చెప్తారు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు కూడా ఆ పొద్దున ఏవి వేసుకోవాలో కాగితం మీద రాయించుకో. "కాఫీ ఒక్క గుక్కే కదా" అనుకోకు. పాలు కలిస్తే అది తిండి కిందే లెక్క.

ఇక అసలు విషయం. ఇది మీ అమ్మకి తెలీదు. మీ పెదనాన్న ఫొటోకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2006లో నేను కాశీ వెళ్ళొచ్చాను, గుర్తుందా? వెళ్ళలేదు. కాకినాడలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్ళి ఫేస్‌లిఫ్ట్ చేయించుకున్నాను. అప్పుడు నాకు నీకన్నా ఒక్క ఏడాది ఎక్కువ.

మీ పెదనాన్న పోయి నాలుగేళ్ళయింది. నేను బాగానే ఉన్నాను, స్కూలుకి వెళ్తున్నాను, నవ్వుతున్నాను. అయినా స్టాఫ్ రూములో అడుగుపెడితే చాలు, "ఏంటి టీచర్‌గారూ, ఒంట్లో బాలేదా?" అని పరామర్శ. రోజూ అదే. లోపల లేని దిగులు ముఖం మీద వేలాడుతుంటే ఎంతకాలమని మోస్తాం? ఎల్ఐసీ పాలసీ డబ్బు చేతికొచ్చింది, వెళ్ళాను. మొగుడు పోయినదానికి సోకులేమిటంటారని నోరు విప్పలేదు. హైదరాబాద్ అయితే ఎవరో ఒకరు తెలిసినవాళ్ళు కనబడతారని చెన్నై.

ముందురోజు మత్తు డాక్టరు, చిన్న పిల్లవాడు, పక్కన కూర్చుని నిదానంగా అడిగాడు: "అమ్మా, రోజూ ఏమైనా మాత్రలు వేసుకుంటారా?" ఏమీ లేవన్నాను. మీ పెదనాన్న గుండెపోటుతో పోయాడు కదా, ఆ భయంతో ఎవరూ రాసివ్వకుండానే నేను రోజూ ఆస్పిరిన్ మింగేదాన్ని. దాని పైన మోకాళ్ళకి ఆచారిగారి పొడి. చెప్తే వాయిదా వేస్తారు, వాయిదా పడితే కాశీ లెక్క తప్పుతుంది, లెక్క తప్పితే మీ అమ్మ ఆరా తీస్తుంది. అంతే నా ఆలోచన. ఒక్క ఆస్పిరిన్ మింగితే రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు అవి బతికినన్నాళ్ళూ, అంటే వారం పది రోజులు, సరిగా పనిచేయవట. నాకు తర్వాత చెప్పారు.

ఆపరేషన్ బాగానే అయింది. తలంతా కట్టు, చెవుల వెనక నుంచి రెండు సన్నటి గొట్టాలు. రాత్రికి నాకు తోడు ఒక ఆయా, గంటలెక్కన మాట్లాడుకున్న మనిషి. మంచిదే పాపం. పదకొండింటికి ఎడమ దవడ కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టు మొదలైంది. కుడివైపు ఏమీ లేదు. ఆయాకి చూపిస్తే, ఆపరేషన్ అన్నాక వాపు ఉండదా అమ్మా, పడుకోండి అని అరవంలో సర్దిచెప్పింది. ఆమె తప్పేముంది? నా ముఖం ఆమె అంతకుముందు ఎప్పుడు చూసింది గనుక? ఎడమ బుగ్గ ఎంత ఉండాలో, ఎంత ఉందో ఆమెకెలా తెలుస్తుంది?

బెల్లు స్విచ్ దిండు పక్కనే ఉంది. తెల్లటి వైరు, చివర ఎర్ర బొత్తాం. దాన్ని చేతిలో పట్టుకుని పడుకున్నాను. నొక్కలేదు. వాళ్ళని నిద్ర లేపడమెందుకని ఒకటి, వస్తే మాత్రల సంగతి అడుగుతారని ఒకటి. ఒంటిగంటకి నమలబోతే దవడ రాలేదు. రెండింటికి గొంతు దాకా బిగిసింది. మూడింటికి నర్సు బీపీ చూడటానికి వచ్చింది. నూట తొంభై. లైటు వేసి కట్టు కొంచెం పక్కకి తీసి, ఏమీ మాట్లాడకుండా పరిగెత్తింది. చర్మం కింద రక్తం గడ్డ. బుగ్గ నేరేడు పండు రంగుకి తిరిగిపోయింది. మళ్ళీ థియేటర్, మళ్ళీ కుట్లు విప్పడం, గడ్డ తీయడం. పెద్ద డాక్టరు పొద్దున వచ్చి, "ఏం మందు వేసుకున్నారమ్మా?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ముఖం దక్కింది. ఎడమ చెవి వెనక రూపాయి బిళ్ళంత మేర చర్మం నల్లబడి రాలిపోయింది. అటువైపుకే జుట్టు దువ్వుకుంటానని నన్ను ఎన్నిసార్లు వెక్కిరించావో! తొమ్మిది రాత్రుల కాశీ ఇరవై మూడు రోజులైంది. ప్రయాగ కలిపాను, గయ కలిపాను, చివరికి గయలో జ్వరం కూడా తెచ్చుకున్నాను. మీ అందరికీ పంచిన కాశీ దారాలు, మీ అమ్మ పూజ గదిలోని గంగ చెంబు మా పక్కింటివాళ్ళు నిజంగా వెళ్ళి తెచ్చినవే, కాబట్టి ఆ గంగ మంచి గంగే, బెంగ పెట్టుకోకు. ఇంటికి రాగానే మీ అమ్మ, "ముఖంలో ఎంత కళొచ్చిందే అక్కా! కాశీలో ఏం వదిలేశావు?" అంది. దీనికి జవాబు తయారు చేసుకోలేదు. ఎదురుగా బుట్టలో కాకరకాయలు కనబడ్డాయి. కాకరకాయ అనేశాను. అంతే, ఆ రోజు నుంచి మీ ఇంట్లో గానీ ఈ ఇంట్లో గానీ నా విస్తట్లో కాకరకాయ పడలేదు. నాకెంత ఇష్టమో నీకు తెలుసు.

అందుకని, వేసుకునేవన్నీ చెప్పు. మాత్రలే కాదు, చేపనూనె గొట్టం మాత్రలు, విటమిన్ ఇ, పసుపు మాత్రలు, వెల్లుల్లి మాత్రలు, నీ స్నేహితురాలిచ్చే ఆ మూలికల పొడి, అన్నీ సంచిలో వేసుకెళ్ళి బల్ల మీద పొయ్యి. పప్పులో తాలింపు వెల్లుల్లి గురించి కాదు నేననేది. ఎవరైనా గుండె డాక్టరు రాసిచ్చిన ఆస్పిరిన్ అయితే సొంతంగా ఆపకూడదు, అది వేరే లెక్క.

మొదటి రాత్రి రెండు వైపులా సమానంగా బిగుతుగా ఉంటే అది మామూలే. ఒకవైపే నొప్పి పెరుగుతుంటే, ఒకవైపే ఉబ్బుతుంటే బెల్లు నొక్కు. పదిసార్లు నొక్కినా పరవాలేదు, డబ్బిస్తున్నాం. దగ్గు, వాంతి, ముక్కడం, వంగడం ఇవన్నీ రక్తాన్ని తలకి తోస్తాయి. జలుబు ఉంటే డేటు మార్చుకో. తల ఎత్తులో పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి, ఇప్పటినుంచే అలవాటు చేసుకో. జుట్టుకి రంగు ముందే వేయించుకో, తర్వాత కొన్ని వారాలు కుదరదు. తలమీదుగా తొడిగేవి కాకుండా ముందు గుండీల నైటీలు నాలుగు కొను. ముక్కుపుడక వారం ముందే కంసాలి దగ్గర తీయించు, నీది బిగుసుకుపోయి ఉంటుంది. ఆ రోజు పొద్దున దాంతో కుస్తీ పట్టద్దు.

మూడో రోజు అద్దం చూసుకుని ఏడుస్తావు. అందరూ ఏడుస్తారు, ఆ వాపు అలాంటిది. నేను లాడ్జి గదిలో అద్దానికి తువ్వాలు కప్పాను. నీకు ఆ అవసరం రాకూడదు. ముఖం ఎలా ఉందో అద్దానికి బదులు నేను చెప్తాను.

అవును, నేను వస్తున్నాను. ఆ రాత్రి నీ పక్కన ఆయాలు, నర్సులు ఎంతమందున్నా కుర్చీ నాకు కావాలి. నువ్వు పుట్టిన మూడో గంట నుంచి నీ బుగ్గలు చూస్తున్నదాన్ని. ఎడమ బుగ్గ కుడిదానికన్నా వీసమెత్తు ఎక్కువని మీ అమ్మకి కూడా తెలీదు.

మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించకు. నేనే చెప్తాను, మీ ఇంట్లో, దాని ఎదురుగా కూర్చుని. ఆ రోజు కాకరకాయ వేపుడు చేయించు, బెల్లం వెయ్యకుండా. నీకు మెత్తటి పప్పన్నమే, నమలడానికి లేదు.

కొత్త డేటు తీసుకుని ఫోన్ చెయ్యి. గౌతమికి లోయర్ బెర్త్ చేయించుకోవాలి.

మీ పెద్దమ్మ